మనిషి లేని కౌంటర్ల దగ్గర

బిల్లు మిషన్లు పెట్టిన వారం తిరక్కుండానే ఆ దుకాణంలో మొదటి చెంపదెబ్బ పడింది.

కొట్టింది ఒక బ్యాంకు ఉద్యోగి. తిన్నది అతని వెనక వరసలో నిలబడ్డ వ్యాను డ్రైవరు. బ్యాంకాయన ఉల్లిపాయల సంచిని మిషను అద్దం ముందు అటు తిప్పి, ఇటు తిప్పి, తలకిందులు చేసి చూపిస్తున్నాడు. మిషను పలకడం లేదు. డ్రైవరు కాసేపు ఓపిక పట్టి, "సార్, అది ఉల్లిపాయల సంచి. పెళ్లికూతురు కాదు, అన్నివైపుల నుంచీ చూపించడానికి" అన్నాడు. వరసంతా గొల్లుమంది. ఆ నవ్వుకే బ్యాంకాయన చెయ్యి లేచింది. డ్రైవరు చెంప తడుముకుంటూ ఒక్క క్షణం ఆగి, పిడికిలి బిగించి ఆయన ముక్కు మీద గుద్దాడు. కళ్లజోడు రెండు ముక్కలైంది. సంచి చిరిగి ఉల్లిపాయలు నేలంతా దొర్లాయి. వాటి మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది.

వాళ్లిద్దరినీ విడదీసింది వదిన.

ఆమె నిజానికి ఒక్కడికే వదిన. తలుపు దగ్గర గార్డుగా ఉండే బండోడు ఆమెకు మరిది. వాడు "వదినా, వదినా" అని దుకాణం దద్దరిల్లేలా పిలుస్తుంటే విని విని, సరుకులు సర్దే కుర్రాళ్లకూ, తూకం వేసే అమ్మాయికీ కూడా ఆమె వదినే అయిపోయింది. ఆమె కంటే పదేళ్లు పెద్దవాడైన మేనేజరు సైతం "వదినగారూ" అనేవాడు. ఒకసారి మొగుడు టిఫిను డబ్బా ఇవ్వడానికి వచ్చి, చుట్టూ అందరూ అలా పిలవడం విని, తనూ నోరు జారి "వదినా" అన్నాడు. ఆ నవ్వు ఏడాది పాటు నడిచింది.

మిషన్లు రాకముందు ఆమె బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేది. ఇప్పుడు ఉన్న కౌంటర్లలో ఒక్కటి తప్ప అన్నీ మూసేశారు. వాటి స్థానంలో రెండు వరసలుగా మిషన్లు నిలబెట్టారు. ఎవరి సరుకు వాళ్లే చూపించుకోవాలి, ఎవరి డబ్బు వాళ్లే కట్టుకోవాలి. ఆ రెండు వరసల మధ్య నిలబడి, ఏ మిషను నెత్తిన ఎర్ర లైటు వెలిగితే అక్కడికి పరిగెత్తి మీట నొక్కడం వదిన పని. కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

వచ్చిన వాళ్లందరూ తమ అభిప్రాయాన్ని ఆమెకే చెప్పేవారు, మిషన్లను ఆమే కనిపెట్టినట్టు.

"నేను ఇక్కడికి కొనుక్కోడానికి వచ్చానా, ఉద్యోగం చెయ్యడానికి వచ్చానా?" అని గద్దించేవాడు ఒక రిటైరైన హెడ్మాస్టరు. "పనంతా నాతో చేయించుకుని జీతం ఇవ్వరేం?"

చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఒక కాలేజీ అమ్మాయి మాత్రం, "హాయిగా ఉంది ఆంటీ. నేనేం కొన్నానో ఎవరూ చూడరు, ఏమ్మా పెళ్లెప్పుడని అడగరు" అనేది.

ఒక ముసలావిడ రోజూ ఒకే ఒక పాల ప్యాకెట్టు కొనేది. "ఇంట్లో పలకరించే దిక్కు లేదు తల్లీ. ఇక్కడైనా రెండు ముక్కలు మాట్లాడదామని వస్తే, ఇది 'సంచిలో పెట్టండి, సంచిలో పెట్టండి' అని ఒకటే పోరు" అని మిషను వంక శత్రువును చూసినట్టు చూసేది.

మందుల షాపాయన గొంతు అందరికంటే పెద్దది. పక్క వీధిలో అతనికి సొంత షాపు ఉంది. "మనిషి కళ్లెదురుగా ఉంటేనే ఎత్తుకుపోయే జనం, రేకు డబ్బా ముందు ఊరుకుంటారా? నలుగురిని పట్టుకుని చితక్కొడితే గానీ దారికి రారు" అనేవాడు. వెనక ఇద్దరో ముగ్గురో తలలూపేవారు.

సరుకు పోతున్న మాట నిజమే. పైనుంచి అక్షింతలు పడుతున్నకొద్దీ మేనేజరు ముఖం మాడిపోతూ వచ్చింది. చివరికి ఒకరోజు గార్డులను పిలిచి, ఎర్ర లైటు వెలిగిందంటే సంచి తెరిపించాల్సిందే అన్నాడు. బండోడి చేతికి ఒక లాఠీ ఇచ్చాడు.

ఆ లాఠీ వచ్చాక బండోడి నడకే మారిపోయింది.

వాడు చెడ్డవాడు కాదు. కానీ చిన్నప్పటి నుంచీ వాడి కోపం గడ్డివాములో నిప్పు. వదిన కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే అత్త కన్నుమూసింది. అప్పటికి వాడు నిక్కర్లు వేసుకునే బడిపిల్లాడు. వాడి జ్వరాలు, వాడి బట్టలు, వాడి మీద వచ్చే ఫిర్యాదులు అన్నీ వదిన నెత్తినే పడ్డాయి. చిట్లిన పెదవితోనో, చిరిగిన చొక్కాతోనో ఇంటికొచ్చేవాడు. "ఎవడు కొట్టాడురా?" అంటే, "వాడెలా ఉన్నాడో చూసి అడుగు" అనేవాడు. ఈ ఉద్యోగం కూడా మేనేజరును ఆమే బతిమాలి ఇప్పించింది.

ఇప్పుడు వాడు సంచి చూపించడానికి తటపటాయించిన ఒక కుర్రాడి చెయ్యి విరిచి వెనక్కి తిప్పాడు. పాల ప్యాకెట్టు ముసలావిడ సంచిని బల్ల మీద బోర్లించాడు. అందులోంచి రుమాలు, మందుబిళ్లలు, ఒక దువ్వెన పడ్డాయి.

"ఒరేయ్, అది సంచిరా. శత్రువు కోట కాదు" అని వదిన చివాట్లు పెట్టింది.

"మేనేజరు చెప్పాడు వదినా. నేను చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడు."

"ఇంకొకడు చేస్తే వాడి వదిన తిడుతుంది. నిన్ను నేను తిడతాను."

వాడు నవ్వి, లాఠీని వేళ్ల మధ్య గిరగిరా తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ శనివారం సాయంత్రం దుకాణం కిటకిటలాడుతోంది. మనిషి ఉన్న ఆ ఒక్క కౌంటరు అమ్మాయి సెలవు పెట్టడంతో అదీ మూతపడింది. ఏసీ ఎక్కడో ఆగిపోయి ఉక్కపోత. మిషన్లలో ఒకటి చిల్లర మింగి కూర్చుంది. వరసలు పాలూ పెరుగూ పెట్టే ఫ్రిజ్‌ల దాకా సాగాయి.

ఆ వరసలో రంగులాయన ఉన్నాడు. ఇళ్ల గోడలకు రంగులు వేస్తాడు. జుట్టులోనూ కనుబొమ్మల మీదా తెల్ల సున్నం చుక్కలు ఆరిపోయి ఉంటాయి. పని ముగిశాక ప్రతి శనివారం వచ్చి, వారానికి సరిపడా సరుకు కొనుక్కుంటాడు. ఎప్పుడూ వదిన కౌంటరుకే వచ్చేవాడు. మిషను ఎప్పుడూ ముట్టుకోలేదు.

"వదినగారూ, మీ చేత్తోనే కొట్టేయండి ఈ బిల్లు. నేను ఈ దయ్యంతో వేగలేను" అన్నాడు.

"ఒక్క నిమిషం అన్నయ్యా, అక్కడ డబ్బులు ఇరుక్కున్నాయి, చూసొస్తాను" అంటూ ఆమె చిల్లర మింగిన మిషను వైపు పరిగెత్తింది.

రంగులాయన ఆగలేదు. వెనక నుంచి తోపులాట. ఆగనివ్వలేదు. బియ్యం సంచి, గుడ్లు, నూనె సీసా, సబ్బులు ఒక్కొక్కటే అద్దానికి చూపించాడు. డబ్బు కూడా కట్టాడు. చీటీ బయటికి వచ్చింది. అప్పుడు భుజం నొప్పి పుట్టి, తన పనిముట్ల సంచిని దించి ఆ సరుకుల పక్కనే పెట్టాడు. అది కొన్న సరుకు బరువును మిషను సరిచూసుకునే తూకం పలక అని అతనికి తెలియదు.

మిషను నెత్తిన ఎర్ర లైటు వెలిగింది. "ఇక్కడ తెలియని వస్తువు ఉంది. దయచేసి తీసేయండి" అంది లోపలి గొంతు.

"తెలియకపోవడమేంటే? నా సంచే అది" అన్నాడు రంగులాయన.

ఒకరిద్దరు నవ్వారు. మందుల షాపాయన నవ్వలేదు. అతను సరిగ్గా వెనకే ఉన్నాడు. "ఏం దాచావయ్యా అందులో? తీసి చూపించి కదులు. మాకు పనులున్నాయి" అన్నాడు.

"నోరు అదుపులో పెట్టుకో. దాచుకునే బతుకు కాదు నాది."

"అందరూ ఇదే మాట. పట్టుబడేదాకా అందరూ దొరలే."

రంగులాయన వెనక్కి తిరిగి అతని గుండెల మీద చెయ్యి వేసి నెట్టాడు. మందుల షాపాయన ట్రాలీ మీదికి తూలాడు. ట్రాలీ వెళ్లి ఎవరి మడమకో తగిలింది. ఒక స్త్రీ కెవ్వున అరిచింది. జనంలోంచి దారి చేసుకుంటూ బండోడు వచ్చాడు.

"సంచి ఇటివ్వు."

"ఎందుకివ్వాలి? చీటీ చూడు, అన్నింటికీ కట్టాను."

"సంచి ఇవ్వమన్నానా!"

బండోడు ఒక పట్టీ పట్టుకున్నాడు. రంగులాయన రెండోది పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. ఎన్నో ఏళ్లుగా రంగులు పీల్చిన పాత గుడ్డ అది, నిలువునా చీలింది. కుంచెలు, దారపు ఉండ, ఇసక కాగితం కింద పడ్డాయి. గోడలు గీకే ఇనుప రేకు ఒకటి కూడా జారబోతే, అలవాటు కొద్దీ రంగులాయన దాన్ని గాల్లోనే అందుకున్నాడు.

"కత్తి! కత్తి తీశాడు!" అని అరిచాడు మందుల షాపాయన.

బండోడు కొట్టాడు.

మొదటి దెబ్బ ముఖానికి అడ్డంగా తగిలింది. రంగులాయన ఎడమ కన్ను పట్టుకుని వంగిపోయాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారింది. రేకు ఎప్పుడో చేతిలోంచి జారిపోయింది. అయినా లాఠీ ఆగలేదు. రెండోది మెడ మీద, మూడోది వీపు మీద. అతను మోకాళ్ల మీద కూలుతూ మిషను అంచుకు నుదురు కొట్టుకున్నాడు. గుడ్ల అట్ట అతని కిందే పడి పచ్చసొన నేలంతా పారింది. మిషను మాత్రం, "దయచేసి సిబ్బంది వచ్చేదాకా ఆగండి" అని చెబుతూనే ఉంది.

అప్పుడు జనం కలిశారు. మందుల షాపాయన డొక్కలో తన్నాడు. ఇంకెవడో చేతిలోని బుట్టతో తల మీద మోదాడు. వరసలో ఇంతసేపు పడ్డ విసుగంతా ఆ పడిపోయిన మనిషి మీదే తీర్చుకుంటున్నట్టు, ముందు ఎవరి ముఖం చూసినా పెద్దమనిషిలానే ఉన్నవాళ్లు కాలెత్తారు. "దొంగ" అని ఒకరు, "ఇలాంటివాళ్ల వల్లే మనకీ ఖర్మ" అని ఒకరు. ఏం జరిగిందో కనపడని చివరి వాళ్లు కూడా "వెయ్యండి, వెయ్యండి" అంటున్నారు.

వదిన మోచేతులతో పొడుచుకుంటూ లోపలికొచ్చింది. కింద పడ్డ చీటీ, రేకు, ఆ కన్ను అన్నీ ఒక్క చూపులోనే చూసింది. ఆలోచించడానికి వ్యవధి లేక రంగులాయన మీద బోర్లా పడింది. అప్పటికే లేచి ఉన్న లాఠీ ఆమె భుజం మీద దిగింది. ఎముక లోపల ఏదో మెరుపు మెరిసినట్టయింది.

"అడ్డం లే వదినా! వాడి దగ్గర కత్తి ఉంది!"

"కొట్టరా!" అని అరిచింది ఆమె, తల ఎత్తకుండానే. "ఇంకోటి కొట్టు. నన్ను చంపి, తర్వాత ఇతన్ని చంపు."

బండోడి చెయ్యి గాల్లో ఆగింది. వాడు రొప్పుతూ చుట్టూ చూశాడు. తన్నినవాళ్లందరూ ఒక్కొక్కరే వెనక్కి జరిగి, ట్రాలీలు పట్టుకుని, మళ్లీ కొనేవాళ్లయిపోయారు.

అంబులెన్సు వచ్చేలోపు మేనేజరు వదినను సరుకుల గదిలోకి తీసుకెళ్లాడు. నూనె పెట్టెల మధ్య నిలబడి గొంతు తగ్గించి, "వదినగారూ, మీ మరిది బతుకు ఇప్పుడు మీ నాలుక మీద ఉంది. ఆ మూల కెమెరా చెడిపోయి ఎన్నాళ్లో అయింది. అతను సరుకు దాచాడు, అడిగితే కత్తి దూశాడు. ఇంతే చెప్పండి. లాయరును మేం పెడతాం. మీవాడికి ఈగ కూడా వాలదు" అన్నాడు.

"అది కత్తి కాదండీ. గోడ గీకే రేకు. బిల్లు కూడా కట్టాడు, చీటీ నేనే చూశాను."

"చూడలేదనుకోండి."

వదిన భుజం పట్టుకుని గోడకు ఆనుకుంది. గాజు తలుపులోంచి బండోడు కనిపిస్తున్నాడు. స్టూలు మీద కూర్చుని, చేతులకంటిన రక్తాన్ని చూసుకుంటూ, చిన్నప్పుడు తప్పు చేసి గుమ్మంలో నిలబడ్డప్పటి ముఖమే పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగినప్పుడు ఆ గాజు తలుపుకు వీపు తిప్పి నిలబడింది. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది. మందుల షాపాయన తన్నిన తన్నుతో సహా చెప్పింది. లాఠీ ఎవరిచ్చారో కూడా చెప్పింది.

ఆమె మొగుడు ప్లంబరు. నోట్లో నాలుక లేని మనిషి. కనపడిన ప్రతివాడి కాళ్లావేళ్లా పడి తమ్ముణ్ణి బెయిలు మీద ఇంటికి తెచ్చాడు. రంగులాయనకు ఎడమ కన్ను పోయిందన్న సంగతి అప్పటికే తెలిసింది.

బండోడు చెప్పులు విప్పకుండానే వంటగదిలోకి వచ్చాడు.

"ఒక్క మాట వదినా. కత్తి అని ఒక్క మాట. నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"కత్తి అయితే కత్తి అనేదాన్ని."

"వాడెవడు నీకు? నేనెవర్ని నీకు?"

"నువ్వెవరో తెలియబట్టే ఇంత ఏడుపు వస్తోంది. ఆ మనిషికి ఇద్దరు ఆడపిల్లలురా. ఒంటి కన్నుతో నిచ్చెన ఎలా ఎక్కుతాడు?"

వాడు పొయ్యి పక్కనున్న గిన్నెల స్టాండును ఒక్క తాపు తన్నాడు. పళ్లేలు గదంతా ఎగిరాయి. "ఒరేయ్, వదినతో మాట్లాడే తీరు అదేనా?" అంటూ మొగుడు అడ్డం వచ్చాడు. బండోడు అన్న మూతి మీద గుద్దాడు. మొగుడు గోడకు కొట్టుకుని, నోట్లోంచి ఒక పన్ను అరచేతిలోకి ఉమ్ముకుని, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఇంట్లో తమ్ముడు అన్న మీద చెయ్యెత్తడం అదే మొదలు. బండోడికి కూడా అది నమ్మశక్యం కాలేదేమో, వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరో స్నేహితుడి గదిలో ఉంటున్నాడని తెలిసింది.

దుకాణం వాళ్లు పోలీసుల విచారణ ముగియకముందే చేతులు దులుపుకున్నారు. ఆ గార్డు మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి అన్నారు. మేనేజరు ఎవరో టీవీ విలేకరితో మాట్లాడుతూ, "అతను మొదటి నుంచీ మృగంలాంటివాడు. లాఠీ అతనే ఇంటి నుంచి తెచ్చుకున్నాడు" అన్నాడు. ఆ మాటల వీడియో ఫోను నుంచి ఫోనుకు పాకి బండోడి చేతికీ చేరింది.

ఆదివారం పొద్దున, దుకాణం నిండుగా ఉన్న వేళ, వాడు వచ్చాడు.

వదినను అప్పటికి పనిలోంచి తియ్యలేదు. తీస్తే కేసులో తమకే చేటని లాయరు చెప్పాడట. భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదని మిషన్ల దగ్గర నుంచి మార్చి, మనిషి ఉన్న ఆ ఒక్క కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆమె తలెత్తి చూసేసరికి బండోడు కొత్త గార్డును ఒక చేత్తో పక్కకు తోసేసి లోపలికి వస్తున్నాడు. రెండో చేతిలో వాళ్లన్న పైపులు బిగించే పెద్ద ఇనుప రెంచి ఉంది. మోచెయ్యంత పొడవు.

వాడు నేరుగా మొదటి మిషను ముందుకెళ్లి అద్దంలోకి దిగేలా కొట్టాడు. అద్దం సాలెగూడులా పగిలింది. రెండో దెబ్బకు లోపలి తీగలు బయటికొచ్చాయి. చిల్లర జలజలా నేల మీదికి రాలింది. పక్క మిషను దగ్గరున్నవాళ్లు సరుకు వదిలేసి పరిగెత్తారు. కానీ చాలా దూరం పరిగెత్తలేదు. అరల చాటున ఆగి ఫోన్లు తీశారు.

వాడు రెండోదాన్ని కొట్టాడు. మూడోదాన్ని కొట్టాడు.

"శభాష్!" అన్నాడెవరో.

హెడ్మాస్టరు, పప్పు ప్యాకెట్టు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. "మొత్తానికి ఒక్క మగాడు పుట్టాడు. ఆ చివరిది కూడా చూడు నాయనా, నా డబ్బు రెండుసార్లు తీసుకుంది!"

"ఏంటండీ మీరు!" అని హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని అరిచింది కాలేజీ అమ్మాయి. "ఎవరికైనా తగిలితే? అవి లేకపోతే మళ్లీ గంటలు గంటలు నిలబడాలి మేము."

"నిలబడితే ఏం అరిగిపోతావా?"

"మీరు అరిగారుగా, చాలు!"

ఒక పక్క గాజు పెంకులు ఎగురుతుంటే, మరో పక్క జనం మిషన్లు మంచివా చెడ్డవా అని వాదించుకుంటున్నారు. ఎవరో హెడ్మాస్టరును తోశారు. ఆయన పప్పు ప్యాకెట్టుతోనే తిరిగి కొట్టాడు. అది పగిలి ఇద్దరి నెత్తినా పప్పు కురిసింది. అరల మధ్య మరో రెండు చోట్ల పెనుగులాటలు మొదలయ్యాయి. ఒక సందులో జామ్ సీసాల వరస మొత్తం కూలింది. పాల ప్యాకెట్టు ముసలావిడ ఒక్కతే కదలకుండా నిలబడి, "ఆ అబ్బాయి ముఖం చూడండర్రా. ఎవరైనా పట్టుకోండర్రా" అంటోంది. ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

ఆ చప్పుడుకు మేనేజరు తన గదిలోంచి బయటికి వచ్చాడు. రాకూడని క్షణంలో వచ్చాడు.

బండోడు తిరిగాడు. "లాఠీ నేను ఇంటి నుంచి తెచ్చుకున్నానా?" అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది.

మేనేజరు పరిగెత్తబోయి జామ్ సందులోకి తిరిగాడు. అడుగు జారింది. గాజు పెంకుల మీద వెల్లకిలా పడ్డాడు. లేచేలోపు రెంచి అతని మోకాలి మీద దిగింది. విరిగిన చప్పుడు కౌంటరు దాకా వినిపించింది. ఆ తర్వాత వచ్చిన కేక మనిషి కేకలా లేదు. చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"చెప్పు. ఎవరిచ్చారు?"

"నేనే... నేనే ఇచ్చా బాబూ... వదిలెయ్..."

"అది టీవీలో చెప్పాల్సింది" అని బండోడు రెండు చేతులతో రెంచిని తల మీదికి ఎత్తాడు. ఈసారి చూపు మోకాలి మీద లేదు.

వదిన కౌంటరు దాటి ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. వస్తూ వస్తూ గోడకున్న ఎర్రటి మంటలార్పే సిలిండరును బాగున్న చేత్తో పీకి, దెబ్బ తిన్న చేతిని దాని కింద ఆనించి ఎత్తుకుంది. వాణ్ణి పిలిచే టైము లేదు. పిలిస్తే వింటాడన్న నమ్మకమూ లేదు. ఎత్తిన చేతుల్లో కుడి మోచెయ్యి ఎక్కడుందో చూసి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

ఎముక విరగడం ఆమె అరచేతులకు తెలిసింది.

రెంచి బండోడి వెనకగా పడి గచ్చు మీద గంట కొట్టినట్టు మోగింది. వాడు గిర్రున తిరిగాడు. కొట్టినవాణ్ణి చంపేసే చూపుతో తిరిగి, ఆమెను చూసి ఆగిపోయాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర ఎటు ఉండకూడదో అటు వేలాడుతోంది.

"నువ్వా? నువ్వు కొట్టావా వదినా?"

"నేనే కొట్టాను."

వాడు అలాగే గాజు పెంకుల్లో కూలబడ్డాడు. ఆమె సిలిండరు వదిలేసి వాడి పక్కనే కూర్చుంది. వాడి ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడు లాక్కోలేదు. పళ్లు బిగబట్టి వణుకుతున్నాడు. అవతల మేనేజరు మూలుగుతున్నాడు. పోలీసులు వచ్చి వాణ్ణి లేవదీసేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. లేవదీసేటప్పుడు మాత్రం, "ఆ చెయ్యి కాదు బాబూ, విరిగింది. ఇటు పట్టుకోండి" అంది.

కేసు నడిచింది. వదిన రెండుసార్లు బోనెక్కి రెండు గొడవల గురించీ చూసింది చూసినట్టే చెప్పింది. మొదటిసారి మేనేజరు తరఫు లాయరు ఆమెను అబద్ధాలకోరు అన్నాడు. రెండోసారి అదే లాయరు ఆమె నిజాయితీని ఆకాశానికెత్తాడు. బండోడికి జైలు పడింది. మందుల షాపాయన కూడా కొన్ని నెలలు లోపలే ఉండి వచ్చాడు. మేనేజరు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. దుకాణం వాళ్లు అతన్ని వేరే శాఖకు మార్చి, పగిలిన మిషన్ల స్థానంలో కొత్తవి తెచ్చి, వాటి చుట్టూ ఇనుప గేటు ఒకటి పెట్టారు. చీటీ చూపిస్తే గానీ గేటు తెరుచుకోదు. దాని మీద కూడా జనానికి రకరకాల అభిప్రాయాలు ఉన్నాయి. వదిన వాటిని వినలేదు, ఆ పని మానేసింది.

ఒకరోజు ఆమె రంగులాయన ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన అతని భార్య ఈమె ఎవరో తెలియగానే చెంప మీద ఒక్కటిచ్చింది. వదిన చెంప పట్టుకోలేదు. లోపలి నుంచి రంగులాయన, "ఎవరే?" అని అడిగాడు. భార్య కాసేపు తలుపు పట్టుకుని ఏడ్చి, "మీద పడి అడ్డం పడుకున్నది నువ్వేనట కదా" అంది. తర్వాత తలుపు వేసుకుంది. లోపలికి రమ్మనలేదు. వదిన కూడా రమ్మంటుందనుకోలేదు.

జైల్లో బండోడు మొదట్లో ఆమెను చూడనన్నాడు. మొగుడు ఒక్కడే వెళ్లి వచ్చేవాడు. ఆమె మాత్రం ప్రతిసారీ వెళ్లి బయట బెంచీ మీద కూర్చునేది. వానలు మొదలయ్యాక ఒకరోజు, "ఆమెను కూడా రమ్మన్నాడు" అని వార్డరు పిలిచాడు.

ఇనుప జల్లెడకు అవతల వాడు చిక్కిపోయి కూర్చున్నాడు.

"చెయ్యి ఎలా ఉందిరా?" అంది ఆమె.

"వంగడం లేదు. ముద్ద నోటిదాకా రాదు. ఎడమ చేత్తో తింటున్నా."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడు చూసి, చూడనట్టు పైకప్పు వైపు చూశాడు.

"నువ్వు కొట్టకపోతే వాడు చచ్చేవాడు. నేను ఇక్కడే ముసలాణ్ణయ్యేవాణ్ణి. అన్నీ తెలుసు వదినా. తెలిసినా రాత్రి పూట నిన్ను తిట్టుకుంటున్నా."

"తిట్టుకో. నేను కూడా నిన్ను తిడుతూనే ఉన్నా. పనిచేస్తూ తిడతా, నడుస్తూ తిడతా. మీ అన్న అంటాడు, నీకు పిచ్చి పట్టిందని."

వాడి మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వు దాకా రాలేదు.

"ఆయనకి కన్ను..." అని ఆగాడు. "ఏమైనా కనబడుతోందా?"

"లేదు."

వాడు తల దించుకున్నాడు. వార్డరు టైమైందన్నాడు. వదిన కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ నెల వస్తానని చెప్పి లేచింది.